బీరువాకి అటూ ఇటూ

ఆస్పత్రి మూడో అంతస్తులో, లోపలికి రావద్దని ఎర్ర అక్షరాలతో రాసిన తలుపుకి ఎదురుగా, రోగుల తాలూకు వాళ్లు కూర్చునే గది ఒకటి ఉంది. గోడల పొడుగునా ఇనుప కుర్చీలు, మూల ఒక మంచినీళ్ల డబ్బా, చేతికందనంత ఎత్తులో ఒక టీవీ. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నవాళ్లు టీవీ ఎత్తుకుపోతారని ఏ మహానుభావుడికి అనిపించిందో గానీ, దాని చుట్టూ ఇనుప జాలీ బిగించి తాళం వేశారు. తాళంచెవీ రిమోటూ దగ్గర పెట్టుకున్న ఉద్యోగి సెలవులో ఉన్నాడు. అందుకని అది ఏది చూపిస్తే అది చూడాలి, వద్దనుకుంటే కళ్లు మూసుకోవాలి. శబ్దం ఎప్పుడో తీసేశారు. పోనీ కింద వచ్చే మాటలు చదువుకుందామంటే, సరిగ్గా అవి వచ్చే చోటే కాపలా అతను 'నిశ్శబ్దం పాటించండి' అన్న కాగితం అంటించాడు. నోరు లేని టీవీకి నిశ్శబ్దం నేర్పడం ఆ ఆస్పత్రికే చెల్లింది.

ఆ పూట అందులో పాతకాలపు హాలీవుడ్ సినిమా ఒకటి మొదలైంది. నలుపూ తెలుపూ. టోపీల మగవాళ్లూ, నడుం బిగించిన గౌన్ల ఆడవాళ్లూ. ఒకళ్లనొకళ్లు చూసుకోగానే పోట్లాడుకున్నారు కాబట్టి అది ప్రేమకథ అని అందరికీ అర్థమైపోయింది.

చిటపటమ్మ టీవీకి ఎదురుగా, ఒళ్లో ఒక ప్లాస్టిక్ సంచీ పెట్టుకుని కూర్చుని ఉంది. సంచీలో మొగుడి చొక్కా, చెప్పులు, చేతిగడియారం. లోపలికి తీసుకెళ్లేటప్పుడు అవి విప్పి ఆమె చేతిలో పెట్టారు. చిటపటమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. పెళ్లైన కొత్తలో మొగుడు పెట్టాడు, నూనెలో నీటిచుక్క పడ్డట్టు మాట్లాడుతుందని. ఆ పేరు వీధంతా పాకి, కర్టెన్లు కుట్టించుకునే బేరగాళ్లు కూడా చిటపటమ్మగారూ అనే పిలిచేవారు. ఇవాళ మాత్రం ఆ నోట్లోంచి చిటపట కాదు కదా, చిన్న చప్పుడు కూడా లేదు.

పక్క కుర్చీలో వదినగారు, అంటే మొగుడి అక్కగారు. కోర్టులో టైపిస్టు. ముప్పై ఏళ్లుగా సాక్షులు చెప్పింది చెప్పినట్టు కొట్టీ కొట్టీ, ఎవరు మాట్లాడినా అందులో అబద్ధం ఏ మూల ఉందా అని చెవి రిక్కించి వినడం ఆవిడకి అలవాటైపోయింది. అసలే అక్కగారు, ఆపైన కోర్టు. చిటపటమ్మకి ఈ భూమ్మీద ఎవరన్నా భయం ఉందంటే ఆవిడొక్కతే.

సంగతేమిటంటే, చిటపటమ్మకీ ఆమె మొగుడికీ వారం పైగా మాటల్లేవు.

ఆయన మోటార్లకి రాగితీగ వైండింగు చుట్టే మెకానిక్కు. కాలిపోయిన ఫ్యానైనా, నీళ్ల పంపైనా, మిక్సీ అయినా ఆయన చేతిలో పడితే మళ్లీ తిరగాల్సిందే. ఊళ్లో అందరి మోటార్లూ తిరుగుతున్నాయి గానీ, ఇంట్లో పెళ్లాం కుట్టుమిషను మోటారు కాలిపోయి నెల దాటింది. "రేపు చూస్తా" అన్నాడు. దీపం కింద చీకటి అంటారు కదా, అదన్నమాట. కుట్టాల్సిన కర్టెన్లు కొండలా పెరిగిపోతుంటే చిటపటమ్మ ఓపిక పట్టీ పట్టీ, చివరికి ఆ మోటారు సంచీలో వేసుకుని తిన్నగా వెళ్లి మొగుడి షాపుకి ఎదురుగా ఉన్న మెకానిక్కుకి ఇచ్చేసింది. మొగుడు చూస్తుండగా, రోడ్డుకి అవతల. ఆయన చేతిలో తీగచుట్ట జారి కిందపడిందని పక్క షాపు జిరాక్సు ఆయన తర్వాత చెప్పాడు.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో మౌనం. అయితే ఆ ఇంట్లో మౌనమంటే నోరు మూసుకోవడం కాదు. వాళ్లకి ఒక పద్ధతుంది. అలిగిన రోజుల్లో ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, వస్తువులతో మాట్లాడాలి. "ఓ గోడా, పాలు పొంగుతున్నాయి." "ఓ ఫ్యానూ, కరెంటు బిల్లు నేను కట్టొచ్చానని చెప్పు." ఎవరు ముందు తిన్నగా ఎదుటి మనిషితో మాట్లాడితే వాళ్లు ఓడినట్టు. ఓడినవాళ్లు వారం రోజులు పొద్దున్నే టీ పెట్టి గెలిచినవాళ్ల మంచం దగ్గరికి పట్టుకెళ్లాలి. ఇన్నేళ్ల కాపురంలో ఎవరెన్నిసార్లు ఓడారో ఎవరూ లెక్క పెట్టలేదు. నిజం చెప్పాలంటే ఆ గోడలతోనూ ఫ్యాన్లతోనూ మాట్లాడేటప్పుడే ఇద్దరికీ నవ్వొచ్చేది, నవ్వు బయటపడకుండా మొహం తిప్పుకోవడంలోనే కోపం సగం కరిగిపోయేది. ఈసారి కరగలేదు. ఈసారి ఆయనకి పరువు పోయింది.

ఇవాళ పొద్దున ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి కుక్కరు వైపు చూస్తూ అన్నాడు: "కుక్కరూ, నీకు చెప్తున్నా. రాత్రి నుంచీ ఈ కుడిచెయ్యి నాది కానట్టుంది."

చిటపటమ్మ విన్నది. విని, ఇదో కొత్త ఎత్తు అనుకుంది. అయ్యో ఏమైందండీ అని తను గబుక్కున తిరిగితే చాలు, ఆయన గెలిచి కూర్చుంటాడు. కిందటేడు కాలు బెణికిందని ఇలాగే తలుపుకి చెప్పి, ఆమె కంగారుపడి పలకగానే ఎగిరి గంతేసిన మనిషి. అందుకని ఆమె కుళాయి తిప్పి, కుళాయితో అంది: "చెయ్యి తల కింద పెట్టుకుని గుర్రు కొడితే తిమ్మిరెక్కక ఏం చేస్తుందే, కుళాయీ!"

 ఆయన చొక్కా వేసుకుంటూ చాలాసేపు గుండీలతో కుస్తీ పట్టాడు. కింది రెండు గుండీలు పెట్టుకోకుండానే షాపుకి బయల్దేరాడు. ఆ రెండు గుండీలూ ఆమెకి కనిపించాయి. వెళ్లి పెడదామని చేతులు లాగాయి. గుండీ పెడితే మాట్లాడినట్టా కాదా అని రూలు ఎప్పుడూ పెట్టుకోలేదు, అందుకని ఆగిపోయింది. ఆ తర్వాత కాసేపటికి జిరాక్సు ఆయన ఫోను చేశాడు, మీవారు స్టూలు మీంచి ఒరిగిపోయారు, ఏం చెప్తున్నారో అర్థం కావట్లేదు, ఆస్పత్రికి తీసుకెళ్తున్నామని.

ఆస్పత్రిలో కుర్ర డాక్టరమ్మ వచ్చీరాగానే అడిగింది. "ఈయన బాగా ఉండగా చివరిసారి చూసిందెవరు?"

"నేనేనండీ. షాపుకి వెళ్లేటప్పుడు."

"అప్పటికి ఏ ఇబ్బందీ లేదా? చెయ్యి గానీ కాలు గానీ మొద్దుబారిందనీ, మాట తేడాగా ఉందనీ ఏమన్నా అన్నారా?"

వదినగారు పక్కనే ఉంది, చెవులు టైపు మిషను మీద పెట్టుకుని. చిటపటమ్మ ఆవిడ వైపు ఒకసారి చూసింది. "నాతో ఏమీ అనలేదండీ" అంది. కోర్టులో నిలబెట్టి అడిగినా అది అబద్ధమని ఎవరూ అనలేరు. ఆయన ఆమెతో ఏమీ అనలేదు.

"అయితే టైముంది" అంటూ డాక్టరమ్మ లోపలికి పరిగెత్తింది.

అదీ సంగతి. అది జరిగి ఎంతసేపో కాలేదు. లోపల తలకి స్కానింగు తీస్తున్నారు, ఇక్కడ గోడ మీద ప్రేమకథ నడుస్తోంది.

కథ ఇలా ఉంది. ఒక పెద్దింటి పిల్లకి ఆ సాయంత్రమే పెళ్లి. వరుడు సన్నమీసం డబ్బున్నవాడు. పిల్ల తన గదిలోని బీరువా కూడా అత్తారింటికి రావాలని పట్టుపట్టింది. ఇల్లంత బీరువా. దాన్ని దింపడానికి సామాన్లు మోసే అతను ఒకడొచ్చాడు. పొడుగ్గా ఉన్నాడు, చొక్కా చేతులు పైకి మడిచాడు. మెట్ల మలుపులో బీరువా ఇరుక్కుపోయింది. పైకీ రాదు, కిందికీ పోదు. పెళ్లిబట్టల్లో పిల్ల పైన, అతను కింద, మధ్యలో బీరువా. ఒకరి మొహం ఒకరికి కనబడదు. ఇద్దరూ బీరువాని చూసి అరుచుకుంటున్నారు.

"చూశారా, ఇప్పుడేమంటున్నాడంటే" అని మొదలుపెట్టాడు ఎదురు కుర్చీలోని లారీ డ్రైవరు. అతని తండ్రి కూడా లోపలే ఉన్నాడు, పక్షవాతంతోనే. భయం వేస్తే కొందరు మూగబోతారు, కొందరికి నోరు ఆగదు. ఇతను రెండో రకం. మాటలు వినబడని సినిమాకి మొదలైనప్పటినుంచీ తనే మాటలు పోస్తున్నాడు. "'అమ్మాయిగారూ, పెళ్లి వాయిదా వేసుకోండి, బీరువాకి ముహూర్తం కుదర్లేదు' అంటున్నాడు."

గదిలో ఉన్న నలుగురూ కిసుక్కున నవ్వారు. వదినగారు నవ్వలేదు. డ్రైవరు ఇటు తిరిగి, నవ్వు దించుకుని అడిగాడు. "మీ ఆయనకి ఆ మందు ఇస్తారంటనా అక్కా?"

"ఏ మందు?"

"తలలో రక్తం గడ్డ కరిగించేది. మొదలైన కొద్ది గంటల్లోపలే ఇవ్వాలంట. మా నాన్నకి ఇవ్వలేమన్నారు, ఎప్పుడో రాత్రే మొదలైందంట, మేం చూసుకోలా. లేటయ్యాక ఇస్తే తలలో రక్తం కారి మనిషే పోతాడంట. మీకు అదృష్టం అక్కా, టైముకి తెచ్చారు."

 రాత్రి నుంచీ ఈ కుడిచెయ్యి నాది కానట్టుంది. మొగుడు కుక్కరు ముందు నిలబడి అన్న మాట అక్షరం పొల్లుపోకుండా చిటపటమ్మ చెవిలో మోగింది.

లేచి చెప్పేయాలి. చెప్తే ఆ మందు ఇవ్వరు, మనిషిని నిలబెట్టే మందు అదొక్కటేనేమో. చెప్పకపోతే ఇస్తారు, ఇస్తే ఏమవుతుందో డ్రైవరు ఇప్పుడే చెప్పాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైగా చెప్పాలంటే పక్కన వదినగారుంది. పొద్దున్నే తమ్ముడు చెయ్యి పడిపోతోందని మొత్తుకుంటే, పంతానికి పోయి కుళాయితో వెటకారాలాడానని ఏ నోటితో చెప్తుంది? ఉత్త తిమ్మిరేనేమో, తిమ్మిరి ఎవరికి ఎక్కదు, అని తనకి తనే చెప్పుకుంది. సంచీలోంచి చొక్కా తీసి ఒళ్లో పరుచుకుని, మనిషి లేని చొక్కాకి ఆ కింది రెండు గుండీలూ పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు.

"పొద్దున వాడు బాగానే ఉన్నాడా అమ్మాయ్?" అంది వదినగారు. ఇది రెండోసారి అడగడం.

"బాగానే ఉన్నారు వదినా."

"టిఫిను తిన్నాడా?"

"తిన్నారు." అది నిజమే. ఎడమచేత్తో తిన్నాడు. అది కూడా వేషమే అనుకుంది.

టీవీలో సామాన్ల అతను బీరువాని భుజంతో ఒక్క తోపు తోశాడు. బీరువా జరిగి, దాని కాలు అతని చేతి మీద పడింది. చెయ్యి కింద ఇరుక్కుపోయింది. అతను గిలగిల్లాడుతూ అరుస్తున్నాడు. పైనున్న పిల్లకి అరుపు వినబడుతోంది గానీ మనిషి కనబడడు కదా, నాటకమాడుతున్నాడనుకుంది. మూతి తిప్పింది. మెట్టు మీద తీరిగ్గా కూర్చుని అద్దం తీసి జుట్టు సవరించుకుంది. అతను కింద కాళ్లు తన్నుకుంటున్నాడు, ఆమె పైన పౌడరు అద్దుకుంటోంది.

"'ఎన్ని వేషాలేసినా నేను దిగను పో, నాకు తెలీదా నీ సంగతి' అంటోంది" అన్నాడు డ్రైవరు, ఆడగొంతు పెట్టి.

గదంతా గొల్లుమంది. కాపలా అతను కూడా నవ్వాడు. చిటపటమ్మకీ నవ్వొచ్చింది. ముందు చిన్నగా, తర్వాత ఆపుకోలేనట్టు, పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేలా. ఎవరో లోపల కూర్చుని చక్కిలిగింతలు పెడుతున్నట్టు నవ్వు మీద నవ్వు తన్నుకొస్తోంది. ఆపాలని చూసేకొద్దీ ఎక్కువవుతోంది. చీరకొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు.

"సిగ్గుందా నీకు?" అంది వదినగారు పళ్లు బిగించి. "అక్కడ వాడు ప్రాణాలతో పోరాడుతుంటే ఇక్కడ నీకు ఇకఇకలా?"

అప్పుడు టీవీలో అతని మొహం దగ్గరగా చూపించారు. నోరు బార్లా తెరిచి ఉంది. పెదాలు కదులుతున్నాయి. ఏం చెప్తున్నాడో ఒక్క ముక్క వినబడదు. తెర నిండా ఒక మగమనిషి నోరు తెరిచి అడుగుతున్నాడు, శబ్దం లేదు.

చిటపటమ్మ నవ్వు గొంతులోనే తెగిపోయింది. లేచింది. చొక్కా కిందపడింది. నేరుగా వెళ్లి ఎర్ర అక్షరాల తలుపు మీద రెండు చేతులతో దబదబా బాదింది.

"అమ్మా, అమ్మా, బాదకూడదు" అంటూ కాపలా అతను అడ్డొచ్చాడు.

"డాక్టరమ్మని పిలవండి! ఆ మందు ఇవ్వొద్దని చెప్పండి!"

తలుపు తెరుచుకుని నర్సు తల బయటపెట్టింది. "ఏంటమ్మా ఈ గోల?"

"మా ఆయనకి ఇవాళ షాపులో మొదలవలేదు. రాత్రే మొదలైంది. రాత్రి నుంచీ కుడిచెయ్యి తనది కానట్టుందన్నారు."

"మరి ఇందాక ఏమీ అనలేదని చెప్పారుగా?"

"నాతో అనలేదు."

"ఎవరితో అన్నారు?"

చిటపటమ్మకి గదిలో అందరి కళ్లూ వీపు మీద తగులుతున్నట్టు అనిపించింది. "కుక్కరుతో" అంది.

నర్సు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. ఇంకేమీ అడగకుండా లోపలికి పరిగెత్తింది.

తలుపు మూసుకుంది. చిటపటమ్మ అక్కడే నిలబడింది. వెనక్కి తిరిగితే వదినగారిని చూడాలి. చివరికి తిరిగింది. వదినగారు కిందపడ్డ చొక్కా తీసి దులుపుతోంది, మొహం పాలిపోయి ఉంది.

"నీకు తెలుసా?" అంది. "పొద్దున్నే తెలుసా నీకు?"

"వేషం అనుకున్నాను వదినా. నన్ను పలికించడానికి వేస్తున్న వేషమనుకున్నాను."

"రెండుసార్లు అడిగానే నేను! బాగానే ఉన్నాడన్నావే!"

  చిటపటమ్మ తిట్టమన్నట్టు నిలబడింది. కొడితే బాగుండుననిపించింది.

డాక్టరమ్మ బయటికొచ్చింది. "మందు ఎక్కించబోతూ ఆపాం" అంది. "చెప్పి మంచి పని చేశారు. ముందే చెప్పుంటే ఇంకా మంచిది. ఇప్పుడు తొడ దగ్గర్నుంచి సన్నటి తీగ పైకి పంపించి, ఆ గడ్డని పట్టి లాగడానికి చూస్తాం. అందొచ్చు, అందకపోవచ్చు. అందినా మాట ఎంతవరకు వస్తుందో చెప్పలేం. దెబ్బ తగిలింది మెదడులో మాట ఉండే వైపే."

"పొద్దున్నే తీసుకొచ్చుంటే?" అని అడిగింది చిటపటమ్మ.

డాక్టరమ్మ ఆమె వైపు చూసి, చూపు పక్కకి తిప్పుకుంది. "ఆ లెక్కలు ఇప్పుడొద్దమ్మా" అని వెళ్లిపోయింది.

ఇంక చెయ్యడానికేమీ లేదు. ఇన్నాళ్లూ ఏ కష్టమొచ్చినా చిటపటమ్మకి చెయ్యడానికేదో ఒకటి ఉండేది. బట్ట ఉంటే కుట్టేది, మనిషి ఉంటే పోట్లాడేది. ఇప్పుడు ఆ తలుపు వెనక ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు తన మనిషి తలలోకి తీగ పంపుతున్నారు. ఆ తీగ సంగతి ఆమెకేం తెలుసు? తీగల సంగతి తెలిసినవాడు ఆ బల్ల మీద పడుకుని ఉన్నాడు.

వచ్చి వదినగారికి ఒక కుర్చీ వదిలి కూర్చుంది. డ్రైవరు కూడా మాటలు పొయ్యడం మానేశాడు. టీవీలో బీరువాకి అటూ ఇటూ ఇద్దరూ చతికిలబడి, వీపులు బీరువాకి ఆనించి కూర్చుని ఉన్నారు. అతని చేతికి గుడ్డ కట్టి ఉంది. ఆమె బీరువాతో ఏదో నెమ్మదిగా చెప్తోంది. అతను కళ్లు మూసుకుని వింటున్నాడు. పెళ్లివాళ్లు వీధిలో కార్లు దిగుతున్నారు.

చాలాసేపు అందరూ దాన్నే చూశారు. చూడనివాళ్లు తలుపుని చూశారు.

"కిటికీతో" అంది వదినగారు ఉన్నట్టుండి.

చిటపటమ్మ తల తిప్పింది.

"చిన్నప్పుడు నా మీద అలిగితే కిటికీతో చెప్పేవాడు. 'కిటికీ, అక్కని నా పెన్సిలు ఇమ్మను.' నేనే నేర్పాను వాడికి. నేను వాడితో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను, వాడు ఏడుస్తూ కూర్చున్నాడు. చూళ్లేక, నాతో వద్దు గానీ కిటికీకి చెప్పుకోరా, నేను వింటాను అన్నాను." ఆవిడ చొక్కాని ఒళ్లో సర్దుకుంది. "మీ ఇంట్లో ఇంకా ఆ ఆట ఉందని నాకు తెలీదు."

"టీ పందెం మాత్రం ఆయనే పెట్టారు" అంది చిటపటమ్మ.

"అది వాడి బుద్ధే. టీ అంటే పడి చస్తాడు."

వదినగారు మధ్యలోని ఖాళీ కుర్చీలోకి జరిగింది. క్షమించానని అనలేదు. అంత తేలిగ్గా అనే మనిషి కాదు. చొక్కా మడత పెట్టి ఇద్దరి మధ్యా పెట్టింది, అంతే. చిటపటమ్మకి ఏడుపొచ్చింది గానీ ఏడవలేదు. ఇందాక నవ్విన నోటితో ఏడవడానికి సిగ్గేసింది.

సినిమా ఆఖరికొచ్చింది. సన్నమీసం వరుడు వీధి గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. మెట్ల మీద సామాన్ల అతను లేచి నిలబడ్డాడు. బీరువా చుట్టూ ఒకసారి చూశాడు. ఇంతసేపటి నుంచీ లాగుతున్నాడు, తోస్తున్నాడు గానీ, బీరువాకి తలుపులుంటాయన్న సంగతి ఇప్పుడు తట్టింది వాడికి. తలుపులు అతని వైపే ఉన్నాయి. తెరిచాడు. లోపల గౌన్లు. గౌన్లు అటూ ఇటూ తోసి, వెనక చెక్కని తట్టాడు. అవతల ఆమె కూడా తట్టింది. అతను గునపం తీసుకున్నాడు.

"పగలగొడతాడు!" అన్నాడు డ్రైవరు. ఉండబట్టలేకపోయాడు. "పగలగొట్టి తీసుకొస్తాడు చూడండి, అందులోంచే!"

అందరూ జాలీ వైపు మెడలు చాచారు. వదినగారు కూడా చాచింది.

ఎర్ర అక్షరాల తలుపు తెరుచుకుంది. "మోటారు మెకానిక్కు తాలూకు ఎవరు? ఒక్కరే రండి" అంది నర్సు.

చిటపటమ్మ వదినగారిని చూసింది. అక్కగారు, పెద్దది, ముందు ఆవిడ వెళ్లాలి. వదినగారు చొక్కా తీసి ఆమె చేతిలో పెట్టింది. "నువ్వే వెళ్లు" అంది. "వాడు నా మీద అలగలేదు."

వెనక చెక్క విరిగిందో లేదో, అవతలినుంచి ఆ పిల్ల వచ్చిందో లేదో చిటపటమ్మ చూడలేదు. తలుపు మూసుకునేటప్పుడు గదిలోంచి చప్పట్లు మాత్రం వినబడ్డాయి.

లోపల చల్లగా ఉంది. డాక్టరమ్మ మాస్కు గడ్డం కిందికి లాగి, గడ్డ కొంత వచ్చిందనీ, కొంత రాలేదనీ చెప్పింది. మెలకువలోనే ఉన్నారు. మనం చెప్పేది అర్థమవుతోందో లేదో ఇంకా తెలియదు. మాట్లాడండి, కానీ ఎక్కువసేపు వద్దు.

ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మొహం కుడివైపు కొద్దిగా జారి ఉంది. కుడిచెయ్యి దుప్పటి మీద ఉంది, ఎవరో తెచ్చి పక్కన పెట్టినట్టు. మంచం పక్కన ఇనుప స్టాండుకి సీసా వేలాడుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి.

వారం పైగా చూడని చూపు చూసిందామె. ఇన్నాళ్లూ ఆయన వీపునీ చెవినీ చూస్తూ గడిపింది, కళ్లలోకి చూస్తే ఓడిపోతానని. మంచం అంచు పట్టుకుని ముందుకి వంగింది.

"ఏమండీ" అంది. "నేనేనండీ. మీతోనే మాట్లాడుతున్నాను. గోడతో కాదు, మీతోనే. నేనే ముందు మాట్లాడాను, చూడండి. నేను ఓడిపోయాను. వారం కాదు, ఇంక రోజూ టీ నేనే తెస్తాను. మిషను మోటారు వెనక్కి తెచ్చేస్తాను, మీరే చుట్టండి, ఎన్నాళ్లైనా చుట్టండి. పొద్దున మీరు చెప్పింది నేను విన్నానండీ. విన్నాను."

ఆయన పెదాలు కదిలాయి. ఎడమవైపు మాత్రమే కదిలాయి. గొంతులోంచి ఏదో బయల్దేరి, దారి తెలియక అక్కడే ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించాడు. నుదుటి మీద నరం ఉబ్బింది. శబ్దం రాలేదు.

గెలిచినవాడు గెలిచానని చెప్పాలి కదా. ఎగిరి గంతెయ్యాలి, వెక్కిరించాలి, చిటపటా అని పిలవాలి. అప్పుడే ఆట అయిపోయినట్టు. ఆయన చెప్పలేకపోతున్నాడు. ఆమె ఎదురుచూస్తూ నిలబడింది.

ఆయన కళ్లు ఆమె మీంచి కదిలాయి. నెమ్మదిగా పక్కకి జరిగి, సీసా వేలాడుతున్న స్టాండు మీద ఆగాయి. అక్కడే చాలాసేపు ఉన్నాయి. పెదాలు మళ్లీ కదిలాయి.

స్టాండుకి ఏమన్నా చెప్తున్నాడా? లేక కళ్లు ఊరికే అటు పోయాయా? తనేనని గుర్తుపట్టాడా, ఇంకా అలకలోనే ఉన్నాడా, అసలు లోపల ఎవరన్నా ఉన్నారా? ఆమెకి తెలియలేదు. డాక్టరమ్మ వైపు తిరిగి చూసింది. ఆవిడకీ తెలియదని మొహంలోనే కనబడింది.

చిటపటమ్మ మంచం చుట్టూ తిరిగి వెళ్లి, స్టాండుకీ ఆయన కళ్లకీ మధ్య నిలబడింది.

"దానికి కాదండీ" అంది. "నాకు చెప్పండి."